చంద్రకాంతమ్మ అతికించిన మొగాలు

చిత్తూరులో మా మిట్టూరు వీధిలో చంద్రకాంతమ్మకు భయపడనివాళ్లు ఇద్దరే. ఒకరు ఆమె భర్త వెంకటరమణ. చిత్తూరు నుంచి మద్రాసు పోయే బస్సులో కండక్టరు కాబట్టి ఆయనకు భయపడే తీరిక ఉండేది కాదు. రెండో మనిషి సిద్ధమ్మ. చంద్రకాంతమ్మ ఇంటికి ఎదురుగా, నా డీటీపీ సెంటరు పక్కన, తోపుడుబండి మీద బట్టలు ఇస్త్రీ చేసేది. మిగతా వీధంతా, నాతో సహా, ఆమె గేటు తీసిన చప్పుడు వింటే చొక్కా గుండీలు సరిచూసుకునేది.

భయం ఊరికే రాలేదు. ఒక ప్రైవేటు ఆడపిల్లల స్కూల్లో ఆమె ఇరవై రెండేళ్లు డ్రాయింగు టీచరు. మా అక్క ఆమె దగ్గరే చదివింది. ఒకరోజు అక్క ఆవును గీసి చూపిస్తే, "ఇది ఆవా, కాళ్లు మొలిచిన మూటా?" అని అడిగిందట. అక్కకిప్పుడు ఇద్దరు పిల్లలు. వాళ్లు ఆవు బొమ్మ వేసిమ్మంటే ఈనాటికీ వాళ్ల నాయన దగ్గరికి పంపుతుంది.

రెండువేల మూడులో స్కూలు వాళ్లు డ్రాయింగు పీరియడు తీసేసి, దాని స్థానంలో కంప్యూటరు పీరియడు పెట్టారు. కరస్పాండెంటు ఆమెను పిలిచి, లైబ్రరీ చూసుకోమన్నాడు. ఆ స్కూల్లో లైబ్రరీ అంటే ఒక ఇనుప బీరువా. దాని తాళంచెవి కరస్పాండెంటు జేబులో ఉండేది. "తాళమేసిన బీరువాను చూసుకునేదానికి టీచరెందుకప్పా? ఒక కుక్కను కట్టేసుకోండి" అని చెప్పి ఇంటికి వచ్చేసింది.

మర్నాడు పొద్దున్నే నా సెంటరులోకి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను అప్పుడు ఒక పెళ్లి కార్డు కంపోజు చేస్తున్నాను.

"నరేంద్రా, ఈ పెట్టె ఎట్ల పని చేస్తాదో చెప్పు. ఆ స్కూల్లో పిల్లోళ్లకు నేర్పించేవాడికి మౌసు పట్టుకునేది కూడా రాదు. వాడికి రానిది నాకెట్ల రాదో చూస్తాను."

రెండు నెలల్లో నేర్చుకుంది. మూడో వారంలోనే నా కార్డుల మీదుండే వినాయకుణ్ణి చూపించి, "తొండం మెడలోంచి వస్తా ఉండాదే, ఎన్నేండ్లుగా దీన్నే అచ్చేస్తా ఉండావు?" అంది. ఆరేళ్లుగా. ఆరేళ్లలో ఆ విఘ్నాధిపతి చేతుల మీదుగా చిత్తూరులో ఎన్ని పెళ్లిళ్లు జరిగాయో, ఒక్కరైనా తొండం వంక చూసిన పాపాన పోలేదు. నేనూ చూడలేదు. ఆమె కొత్త వినాయకుణ్ణి గీసిచ్చింది, "ఈయన్నైనా సరిగా వాడుకో" అని.

ఇస్త్రీ కాగితాల సంగతి వెంకటరమణ తెచ్చాడు. మద్రాసులో ప్యారీసు బజారు దగ్గర ఒక స్టేషనరీ షాపు ముందు, పసిబిడ్డ ఫోటో అచ్చయిన టీషర్టు తగిలించి ఉండడం ఆయన చూశాడు. ఎట్లా చేస్తారని అడిగితే షాపువాడు ఒక కాగితాల కట్ట ఇచ్చాడు. మామూలు రంగుల ప్రింటర్లో దాని మీద బొమ్మ తీసి, బట్ట మీద బోర్లించి ఇస్త్రీ చేస్తే, బొమ్మ బట్టకు అంటుకుంటుంది. మిగిలిన సంగతులు కట్ట మీద ఇంగ్లీషులో చీమ తలకాయలంత అక్షరాల్లో ఉన్నాయి. అవి చదివే ఓపిక చంద్రకాంతమ్మకు లేదు. ఒక పాత కంప్యూటరూ రంగుల ప్రింటరూ కొని ఇంట్లో పెట్టుకుంది.

మొదటిసారి ఒక చిలకను గీసి, కింద 'చిత్తూరు' అని రాసి, భర్త తెల్ల బనియను మీద ఇస్త్రీ చేసింది. చిలక ముద్దుగా వచ్చింది. అక్షరాలు మాత్రం కుడి ఎడమలు మారి, ఏ దేశపు భాషో తెలియకుండా పోయాయి. వెంకటరమణ దాన్ని తొడుక్కుని బీరువా అద్దం ముందు నిలబడి, "ఈడ సరిగ్గానే కనిపిస్తా ఉండాదే" అన్నాడు.

"అయితే ఆ అద్దం నెత్తిన పెట్టుకుని బస్సెక్కు" అంది ఆమె.

నన్ను పిలిపించింది. అక్షరాలు ముందే తిరగేసి అచ్చు తీయాలని చెప్పాను.

"ముందే చెప్పేదానికి ఏమొచ్చె నీకు?"

"మీరు అడగలేదు కదా టీచర్."

"అడిగినోళ్లకే వరాలిచ్చేదానికి నువ్వేమన్నా దేవుడివా?"

తర్వాత కట్ట మీది అక్షరాలు నేనే భూతద్దం పెట్టి చదివి వినిపించాను. అయినా కాగితాలు పాడవుతూనే ఉన్నాయి. మంచం మీద దుప్పటి పరిచి ఇస్త్రీ చేస్తే అడుగు మెత్తగా ఉండి బొమ్మ అంటలేదు. ఆవిరి వచ్చే ఇస్త్రీ పెట్టె వాడితే దాని అడుగునున్న రంధ్రాల గుర్తులు చిలక పొట్ట మీద పడ్డాయి. ఎక్కువసేపు పెడితే బట్ట పసుపెక్కింది. తొందరపడి కాగితం లాగితే చిలక తోక కాగితానికే ఉండిపోయింది. చివరికి వంటింట్లో వృథాగా పడున్న కడప బండ తెచ్చి నేల మీద వేసి, దాని మీద ఒకే మడత గుడ్డ పరిచింది. అడుగు నున్నగా ఉండే పాత కరెంటు పెట్టె వెతికి తీసింది. మోకాళ్ల మీద కూర్చుని, ఒళ్లంతా బరువేసి నొక్కింది. ఎంతసేపు నొక్కాలనేదానికి పదహారో ఎక్కం లెక్క పెట్టుకుంది. ఒక చోట పెట్టె ఆన్చి ఎక్కం మొత్తం చెప్పి, పక్కకు జరిపి మళ్లీ మొదలు. బొమ్మ నాలుగు మూలలూ గుండ్రంగా కత్తిరిస్తే అంచులు లేవవని కూడా ఆమే కనిపెట్టింది.

మాట ఊళ్లో పాకింది. ఇక మొదలైంది చిత్తూరు జనం మొగాల వరస.

మనవాళ్లకు తమ మొగం గోడ మీదుంటే చాలదు, ఊరేగాలి. ఒకాయన బిడ్డ మొదటి పుట్టినరోజుకు ఆ బిడ్డ ఫోటోతో చుట్టాలందరికీ టీషర్టులు కావాలన్నాడు. "బిడ్డ ఆడనే ఉంటాది కదప్పా, అందరూ నేరుగా బిడ్డనే చూడొచ్చు కదా?" అని అడిగింది. చూడొచ్చన్నాడు ఆయన, టీషర్టులు మాత్రం కావాలన్నాడు. ఇంజనీరింగు కాలేజీ కుర్రాళ్లు ఇంగ్లీషులో ఏదో గొప్ప మాట రాసుకొచ్చారు. ఆమె ఎర్ర పెన్ను తీసి దిద్ది, "మూడు తప్పులు. ఒకటి మీ కాలేజీ పేరులోనే" అని కాగితం వెనక్కిచ్చింది. కార్వేటినగరం నుంచి కారులో ఒక కుటుంబం వచ్చింది. తాము సంస్థానం వాళ్లకు దగ్గరి చుట్టాలమనీ, తలపాగాతో ఉన్న తాతగారి ఫోటోను వంశంలోని మగవాళ్లందరూ తొడుక్కోవాలనీ చెప్పారు. ఆమె ఫోటోను వెలుగులో పట్టుకుని చూసి, "ఈ తలపాగా మీ తాతది కాదమ్మా, స్టూడియోవాడిది. ఇదే తలపాగా మా పెదనాయన ఫోటోలో కూడా ఉండాది. ఆయన మొలకలచెరువులో టమేటాలు తోలేవాడు" అంది. వాళ్ల మొగాలు మాడిపోయాయి. అయినా ఆర్డరు మానుకోలేదు.

ఎవరూ మానుకునేవాళ్లు కాదు. ఆమె పని అంత బాగుండేది. రంగు ఎక్కడా చెదిరేది కాదు, బొమ్మ వంకర పోయేది కాదు. ప్రతి టీషర్టుకూ గుండుసూదితో ఒక చీటీ గుచ్చి ఇచ్చేది. నా దగ్గరే జిరాక్సు తీయించేది. 'తిరగేసి చన్నీళ్లలో ఉతకవలెను. బండకేసి బాదరాదు. బొమ్మపై ఇస్త్రీ చేయరాదు.' అచ్చమైన టీచరమ్మ తెలుగు. జనం గుండుసూది జాగ్రత్తగా దాచుకుని చీటీ పారేసేవాళ్లు. బొమ్మ పగిలిపోయిందని వచ్చినవాళ్లను ఆమె చీటీ గురించే అడిగేది. చదవలేదంటే, "చదువు రానోళ్లకు టీషర్టెందుకు?" అని గేటు వేసేది.

రెండువేల ఐదులో మునిసిపల్ ఎన్నికలు రానున్నాయనగా మోహన్‌కృష్ణ వచ్చాడు.

మోహన్‌కృష్ణ ప్లాట్లు అమ్మేవాడు. వేరుశనగ పండే చేను కొని, నాలుగు రాళ్లు పాతి, దానికి ఏదో ఒక నగర్ అని పేరు పెట్టడం అతని వృత్తి. అందులో చాలా నగరాల్లో ఇప్పటికీ మేకలే కాపురముంటున్నాయి. మా వార్డులో నిలబడాలని అతని కోరిక. పుట్టినరోజుకు నూటిరవై మంది తన మొగం ఉన్న టీషర్టులతో మోటారు సైకిళ్ల మీద ఊరేగాలని ఇంకో కోరిక. నలుగురు మనుషుల్ని వెంటేసుకుని వచ్చి వరండాలో కూర్చున్నాడు. నేను ఫోటోను కంప్యూటర్లోకి ఎక్కించడానికి పక్కనే ఉన్నాను.

"మేడం, మొగం కొంచెం తెల్లంగా రావాల. నుదుటి మీద జుట్టు కొంచెం ముందుకు జరపండి. గడ్డం కింద కండ కనపడకూడదు."

"ఇన్ని మారిస్తే నిన్ను ఓటర్లు ఎట్ల గుర్తుపడతారప్పా?"

"కింద పేరుంటాది కదా మేడం" అన్నాడు అతను, ఏమాత్రం తడుముకోకుండా. "ఇంకోటి. మొగం ఛాతీ నిండా ఉండాల. కాలేజీ పిల్లోళ్లకు ఏసిచ్చినారే, అట్ల అరిచెయ్యంత వద్దు."

"కాగితమే అంత. దానికంటే పెద్దది ప్రింటర్లో పట్టదు."

"రెండు కాగితాలు పక్కపక్కన అతికించండి."

"ముక్కు మీద అతుకొస్తాది."

"బండి మీద పోతా ఉంటే ఎవురు సూస్తారు?"

"సరే. నీ ముక్కు, నీ ఇష్టం."

వాళ్లు పోయాక, అతుకు బొమ్మ నిలబడదని తెలిసి కూడా ఎందుకు ఒప్పుకున్నారని అడిగాను. "వాడి మొగం వాడికి రెండు ముక్కల్లో కావాలంటే కాదనేదానికి నేనెవరు?" అంది. అది సగమే నిజం. అతుకు కనపడకుండా రెండు కాగితాలు కలపడం ఇంకెవరి చేతా కాదని ఆమెకు తెలుసు. నూటిరవై సార్లు అది చేసి చూపించాలని ఆమెకు ఉంది. మోహన్‌కృష్ణ పొగరు ఛాతీ మీద కనిపించింది, ఈమెది చేతిలో ఉండి కనపడలేదు, అంతే తేడా. తొమ్మిది రోజులు మోకాళ్లు కాయలు కాచేలా కూర్చుని చేసింది. మధ్యలో కరెంటు పోతే పెట్టె చల్లారి సగం మొగమే అంటేది. దాన్ని పక్కన పడేసి కొత్తది మొదలుపెట్టేది. అన్నీ పూర్తయ్యాక ఒకటి గుంజుకు తగిలించి చూపించింది. దగ్గరికి పోయి వేలితో తడిమితే గానీ అతుకు తెలియలేదు.

పుట్టినరోజు బాగా జరిగింది. నూటిరవై మోహన్‌కృష్ణలు హారన్లు కొట్టుకుంటూ దర్గా సర్కిల్ నుంచి గాంధీ బొమ్మ దాకా తిరిగారు. ఒక్కొక్క మొగం వెనక ఒక్కొక్క బొజ్జ ఉండడం వల్ల, కొన్నిచోట్ల అభ్యర్థికి బుగ్గలు ఉబ్బాయి. ఎవరూ పట్టించుకోలేదు. బిరియానీ బాగుందని అందరూ అన్నారు.

నాలుగో రోజు ఇంకో ఊరేగింపు పెట్టుకున్నారు. అతని మనుషులు చెమట కంపు కొడుతున్న నలభై టీషర్టులు, కొన్నిటికి అంచున చీటీ కూడా అట్లాగే ఉండగా, మూటగట్టి, ఉతికి ఇస్త్రీ చేసిమ్మని సిద్ధమ్మ బండి మీద పడేసి పోయారు. సిద్ధమ్మ వాటిని అన్ని బట్టల్లాగే ఉతికింది. అంటే నానబెట్టి, బండకేసి నాలుగు బాది, మెలిపెట్టి పిండి, ఆరేసింది. తర్వాత బొగ్గుల పెట్టె బాగా కాల్చి మొదటి టీషర్టు మీద పెట్టింది. పెట్టె ఎత్తేసరికి ముక్కు నుంచి పైభాగమంతా పెట్టెతో పాటు లేచొచ్చింది.

ఆమె ఇంకోటి ముట్టుకోలేదు. పెట్టెను అట్లాగే చేతిలో పట్టుకుని రోడ్డు దాటి, చంద్రకాంతమ్మ గేటు ముందు నిలబడి, అడుగు పైకి తిప్పి చూపించింది.

"టీచరమ్మా, ఈ మొగం నువ్వు చేసిందేనా?"

చంద్రకాంతమ్మ చూసింది. రెండు కళ్లు, సగం ముక్కు, ముందుకు జరిపిన జుట్టు, అన్నీ పొగలు కక్కుతున్నాయి.

"చీటీ చదవలేదా? బొమ్మ మీద పెట్టె పెట్టొద్దని రాసినాను కదా."

"చీటీ యాడుండాది?"

"గుండుసూదితో గుచ్చి ఉంటే, తీసి పారేసింది నువ్వు కాదా?"

"అది షాపువోళ్ల రేటు చీటీ అనుకుంటి. నాకు అక్షరాలొస్తే ఈ బండి ఎందుకు తోసుకుంటాను?"

"రాకపోతే వచ్చినోళ్లను అడగాల."

"అడిగే విషయం ఉండాదని తెలిస్తే కదా అడిగేది" అంది సిద్ధమ్మ. కోపంగా కాదు, ఎండ ఎక్కువగా ఉందన్నట్టు అంది.

చంద్రకాంతమ్మ గేటు వేసి లోపలికి పోయింది. నేను కంపోజు చేస్తున్నట్టు నటిస్తూ అంతా విన్నాను.

సాయంత్రం మోహన్‌కృష్ణ మనుషులు వచ్చారు. మిగిలిన ముప్పై తొమ్మిదీ పెట్టె తగలకపోయినా బండ దెబ్బలకు పగుళ్లు బారాయి. ప్రతి మొగానికీ ముక్కు మీద నిలువుగా చీలిక వచ్చింది, ఎవరో కొలిచి కోసినట్టు. వాళ్లలో ఒకడు సిద్ధమ్మను నోటికొచ్చినట్టు తిట్టాడు. ఇంకొకడు బండిని కాలితో తన్ని పడేశాడు. నిప్పులు రోడ్డంతా చెదిరాయి. ఎవరిదో పట్టు చీర అంచు కాలింది. మోహన్‌కృష్ణ కారులోనే కూర్చుని కిటికీలోంచి చూస్తున్నాడు. నేను షట్టరు సగం దించి, సందులోంచి చూస్తున్నాను. మా ఇద్దరి మధ్య పెద్ద తేడా లేదని అప్పుడు నాకు తోచలేదు.

చంద్రకాంతమ్మ గేటు తీసుకుని బయటికి వచ్చింది.

"ముందు ఆ బండి లేపండి" అంది.

ఎవరూ కదలలేదు. ఆమె కొంగు బిగించి తానే వంగి చక్రం పట్టుకుంది. యాభై దాటిన మనిషి ఒంటరిగా దాన్ని ఎత్తలేక గుంజుకుంటుంటే నాకు సిగ్గేసింది. షట్టరు ఎత్తి పోయి రెండో పక్క పట్టుకున్నాను. సిద్ధమ్మ నిప్పుల్ని రేకు చేటలోకి ఏరుకుంటోంది.

మోహన్‌కృష్ణ కారు దిగాడు.

"ఎవురు చెప్పి చేయించినారు మేడం ఇది? నా ముక్కు కోయించేదానికి ఎవురికి అంత అవసరమొచ్చె?"

"ఎవురూ చెప్పలేదు. చదవలేని మనిషికి చదివే చీటీ ఇచ్చినాను. ఇరవై రెండేండ్లు పిల్లోళ్లకు బొమ్మలు నేర్పించినదాన్ని, నాలుగు బొమ్మలు గీసుంటే సరిపోయేది. ఆ తప్పు నాది. సిద్ధమ్మది కాదు."

నేను నా చెవుల్ని నమ్మలేదు. తప్పు నాది అనే మాట ఆ నోట రావడం వీధిలో ఎవరూ వినలేదు. సిద్ధమ్మ కూడా నిప్పులు ఏరడం ఆపి తల ఎత్తింది.

"తప్పు ఒప్పుకున్నావు కదా, మళ్లీ చేసియ్యి. ఎల్లుండికి కావాల." అంతవరకూ మీరన్నవాడు నువ్వులోకి దిగాడు.

"చేస్తాను. కానీ ముందు నువ్వొకటి చెయ్యి. నీ మొగం అతికించేదానికి ఎంత పనో నీకు తెలియాల. ఒకటి సరిగ్గా వస్తే మిగతా ముప్పై తొమ్మిదీ నేను చేసిస్తాను."

అప్పటికి వీధి వీధంతా గుమికూడింది. వాళ్లంతా ఓటర్లు. మోహన్‌కృష్ణ చుట్టూ చూసి పెద్దగా నవ్వాడు.

"ఇస్త్రీ చేసేది కూడా ఒక పనేనా మేడం? తెండి."

వరండాలో కడప బండ ముందు తెల్ల పంచె సర్దుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆమె ఒక్క కాగితంలో పట్టే చిన్న మొగమే అచ్చు తీసి ఇచ్చింది. టీషర్టు పరిచి, కాగితం బోర్లించి, వేడెక్కిన పెట్టె చేతికిచ్చింది.

"నొక్కు. పక్కకు తోయొద్దు. కదిలితే మొగం రెండవుతాది."

నొక్కాడు. అర నిమిషానికే నుదుటి నుంచి చెమట బొట్లు కాగితం మీద పడ్డాయి.

"ఎంతసేపు?"

"ఒక్కో చోట పదహారో ఎక్కం."

"నాకు రాదు."

"అయితే రెండో ఎక్కం చెప్పుకో, ఐదుసార్లు."

అతని పెదాలు కదిలాయి. రెండుసార్లయినా అయిందో లేదో, పెట్టె పక్కన పెట్టి కాగితం మూల పట్టుకుని ఒక్క లాగు లాగాడు. ఒక చెవి, ఒక కన్ను, సగం మీసం బట్ట మీద మిగిలాయి. తక్కినదంతా కాగితంతో పాటు అతని చేతిలో వేలాడింది.

అతని మనుషుల్లో ఒకడు నవ్వి, దాన్ని దగ్గుగా మార్చబోయాడు. కుదరలేదు. ఆ నవ్వు పట్టుకుని జనం అందుకున్నారు. చేటలో నిప్పులు పట్టుకుని గేటు దగ్గర నిలబడిన సిద్ధమ్మ మాత్రం నవ్వలేదు. పనివాళ్ల తప్పు పనివాళ్లు చూసినట్టు చూసి, "పెట్టె బాగానే కాలింది. బరువు పడలేదప్పా. నీ మనసు ఆడ లేదు" అంది.

అతను లేచి, కాగితం అక్కడే విసిరేసి, "ఎన్నికలు కానీ, సూస్తాను" అని కారెక్కాడు.

ఈ కథ విన్నవాళ్లు ఇక్కడ అతను ఓడిపోయాడని అనుకుంటారు. గెలిచాడు, బ్రహ్మాండమైన మెజారిటీతో. ఆ సాయంత్రం పొట్ట పట్టుకుని నవ్వినవాళ్లలో సగం మంది అతనికే ఓటేశారు. అందులో ఇద్దరు నాకు పేర్లతో సహా తెలుసు. విజయయాత్రకు అతను టీషర్టుల జోలికి పోలేదు. అప్పటికి ఊళ్లోకి ఫ్లెక్సీలు వచ్చాయి. ఇరవై అడుగుల మొగం కట్టించాడు. ఫ్లెక్సీ మీద మొగం పగలదు, ఊడదు. ఎండకు మెల్లగా వెలిసిపోతుందంతే, అప్పటికి ఎవరూ తల ఎత్తి చూడరు.

గెలిచిన నెలలోనే, వీధిలో బండి పెడితే మళ్లీ తన్నేస్తామని సిద్ధమ్మకు అతని మనుషులు కబురు చేశారు. చంద్రకాంతమ్మ తన వరండా చూపించి, "ఈడ పెట్టుకో. నా గేటు దాటి ఎవురొస్తారో చూస్తాను" అంది. సిద్ధమ్మ వరండా చూసి, "గాలి ఈ పక్కనుంచి వస్తాది, నిప్పు ఆరిపోతాది" అని అక్కడున్న బల్లను తనకు నచ్చిన మూలకు జరుపుకుంది.

ఆర్నెల్లు చంద్రకాంతమ్మకు పెద్ద ఆర్డర్లు రాలేదు. కొత్త కౌన్సిలరుకు కోపం వస్తుందని జనం భయం. ఒకరిద్దరు రహస్యంగా వచ్చేవాళ్లు. ఆ ఖాళీలో సిద్ధమ్మ ఆమె పని చూసి చూసి, ఒకరోజు చేతిలోంచి పెట్టె లాక్కుంది.

"ఎక్కాలు చెప్తే బట్ట వింటాదా టీచరమ్మా? ఇట్ల సూడు."

వేలు తడి చేసి పెట్టె అడుగున చుర్రుమనిపించి, ఆ చప్పుడును బట్టి వేడి చెప్పింది. కాగితం అంచును గోటితో మీటి, ఇంకా కొంచెం ఉండాలో చాలో చెప్పింది. ఆమె లాగిన కాగితం మీద చుక్కంత రంగు కూడా మిగల్లేదు. చంద్రకాంతమ్మ ఆ ఖాళీ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది. ఆ రోజు నుంచి బొమ్మ ఆమెది, పెట్టె సిద్ధమ్మది.

చీటీ కూడా మారింది. చంద్రకాంతమ్మ ఒక బండ, దాని మీద బట్ట, పైన ఇంటూ గుర్తు గీసి సిద్ధమ్మకు చూపించింది.

"ఇదేంది, ఇడ్లీనా?"

"బండ."

"బండ ఇట్ల ఉబ్బి ఉంటాదా? ఎప్పుడన్నా ఉతికినావా నువ్వు?"

చంద్రకాంతమ్మ ఆ కాగితం తిరగేసింది. మళ్లీ గీసింది. మూడోసారికి సిద్ధమ్మ ఒప్పుకుంది. తిరగేసిన టీషర్టు, చన్నీళ్ల బకెట్టు, మొగం మీద ఇస్త్రీ పెట్టె, దానికి ఇంటూ. ఆ తర్వాత బొమ్మ పాడైందని వచ్చినవాళ్లు తక్కువ. చదువుకున్నవాళ్లే ఇంకా వచ్చేవాళ్లు, బొమ్మల చీటీ పిల్లలకోసమనుకుని చూడలేదని.

రెండువేల తొమ్మిదికల్లా ఊళ్లో యంత్రంతో టీషర్టులు ఒత్తే షాపులు మూడు వెలిశాయి. పావు నిమిషంలో మొగం అతికిస్తాయి. చంద్రకాంతమ్మ వాటి పని ఒకసారి చూసొచ్చి, "వినాయకుడి తొండం మెడలోంచే వస్తా ఉండాది" అని చెప్పి, ప్రింటరు నాకిచ్చేసింది.

కానీ ఆమె చీటీ ఒకటి ఎట్లా పోయిందో ఒక నర్సింగుహోము డాక్టరు చేతికి పోయింది. ఆయన పల్లెల నుంచి వచ్చే రోగులు మాత్రలు తప్పుగా మింగుతున్నారని, మందుల కవర్ల మీదకు ఇట్లాంటి బొమ్మలు గీసియ్యగలరా అని కబురు పంపాడు. ఆమె నన్ను వెంటబెట్టుకుని పోయింది. ఆయన మందుచీటీ చేతికి తీసుకుని, "నేను చదువుకున్నదాన్ని, నాకే అర్థం కాలేదు. వాళ్లను తప్పుబట్టేదెందుకు?" అని అడిగింది.

ఇప్పుడు ఆ కవర్లు నేనే అచ్చేస్తాను. కొండ మీద పొడిచే పొద్దు, నడినెత్తిన పొద్దు, చందమామ. అన్నం ముద్ద ముందు మాత్ర, అన్నం ముద్ద తర్వాత మాత్ర. ప్రతి కొత్త బొమ్మనూ చంద్రకాంతమ్మ ముందు సిద్ధమ్మ బల్ల మీద పెడుతుంది. సిద్ధమ్మ పెట్టె పక్కన పెట్టి, కళ్లు చికిలించి చూసి, "పొద్దున ఒకటి, రేత్రి ఒకటి, తిన్నాక" అని చదువుతుంది. చదవలేకపోతే బొమ్మదే తప్పు. పోయిన నెలలో దగ్గు మందు చెంచా బొమ్మ నాలుగుసార్లు వెనక్కి వచ్చింది. చంద్రకాంతమ్మ నాలుగుసార్లూ సణుక్కుంటూ పోయి, ఐదోది గీస్తూ ఉంది.